కదిరమ్మ చెవులు

పసుపు దంచే రోలు చుట్టూ ఐదుగురు ముత్తయిదువులు ఉండాలి. నలుగురైతే చాలదు. కరువు దెబ్బకు ఊరు సగం ఖాళీ అయిపోయి, తాళాలు పడ్డ ఇండ్ల ముందర కుక్కలు కూడా పడుకోవడం మానేసిన ఆ ఏడు, తిప్పయ్య కూతురి పెండ్లికి ఐదో ముత్తయిదువు కోసం ఊరంతా వెతకాల్సి వచ్చింది. తిప్పయ్య పెండ్లాం తిరుపాలమ్మ వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉంటే, కదిరమ్మ పిలిపించుకోకుండానే కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. పసుపుకొమ్ము కట్టిన రోకలి అందుకుంది.

"ఉండు వదినా" అంది తిరుపాలమ్మ. రోకలిని రెండు చేతులతో మెల్లగా వెనక్కి తీసుకుంది. "నువ్వు చాట పట్టుకో. చెరిగేదానికి నీ చెయ్యి మంచిది."

"దంచేదానికి చెడ్డదా?" అని నవ్వింది కదిరమ్మ.

తిరుపాలమ్మ నవ్వలేదు. ఆమె చూపు కదిరమ్మ చెవుల మీదికి పోయింది. ఆ చెవుల్లో కమ్మలుండాల్సిన చోట రెండు వేపపుల్లలున్నాయి. బెజ్జాలు పూడిపోకుండా కదిరమ్మ ఎన్నో ఏండ్లుగా పెట్టుకుంటున్న పుల్లలే అవి. ఎన్నడూ ఎవరూ వాటిని పట్టించుకోలేదు. మాట చెప్పడానికి మొహమాటం లేనిది ముసలి ఓబమ్మ ఒక్కతే.

"బోసి చెవులమ్మీ. బోసి చెవులతో తొలి పోటు ఏస్తే పెండ్లికూతురు చెవులు గూడా బోసిగానే నిలుస్తాయంటారు. తప్పనుకోవద్దు తల్లీ, ఇది శుభకార్యం."

నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్లనెవరినో పిలుచుకొచ్చి ఆ రోకలి పట్టించారు. కదిరమ్మ చాట తీసుకుని గోడవార కూర్చుంది. చెరిగింది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

అరుగు మీద కూర్చుని పందిరికి కిత్తనార తాడు పేనుతున్న కదిరమ్మ మొగుడు చెన్నప్ప అదంతా చూశాడు. ఆమె ఏడ్చి ఉంటే బాగుండేది. ఇంట్లో తన మీద అరిచినట్టు అక్కడ నాలుగు మాటలు అరిచి ఉన్నా బాగుండేది. ఆ చాట అంత ఒద్దికగా ఆడటమే చూడలేకపోయాడు. చేతిలో పేనిన తాడు పేనినట్టే విడిపోయింది, మళ్ళీ మొదటి నుంచి పేనాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక ఆమె వాకిట్లోని వేపచెట్టు నుంచి లేత పుల్ల విరిచి, గోటితో బెరడు తీసి, చెవిలో మార్చుకుంది. "రోకలి బరువు తప్పింది పో" అంది.

"ఊఁ" అన్నాడు చెన్నప్ప. వాకిట్లో నొగ నేలకానించి పడున్న ఎద్దులబండి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ బండి కదిరమ్మ చెవులే. పెండ్లయిన కొత్తలో ఆమె తల్లి పెట్టిన ఎర్రరాళ్ళ కమ్మలమ్మి చేయించిన బండి అది. కోపమొచ్చినప్పుడల్లా "నా చెవుల మీద కూర్చొని తిరుగుతాండావు" అనేది. తొలి పంటకు మళ్ళీ చేయిస్తానన్నాడు. తొలి పంట పురుగు తినింది, మలి పంట వాన తినింది, ఆ తర్వాత తినడానికి పంటే లేకపోయింది. ఇప్పుడు బండి లాగే ఎద్దులు కూడా లేవు.

*

మరునాడు తెల్లారీ తెల్లారకముందే చెన్నప్ప కాడి ఎత్తి తన భుజానికే పెట్టుకున్నాడు.

"యాడికి?" అంది కదిరమ్మ కళ్ళు నులుముకుంటూ.

"గార్లదిన్నెకు. వడ్రంగితో చక్రాలకు పట్టా బిగించుకొస్తా. వానొస్తే పనికొస్తాది కదా."

వాన మాటెత్తితే ఆమె ఇంకేమీ అడగదని అతనికి తెలుసు. వాన పేరు చెప్పి ఆ ఊళ్ళో ఎవరినైనా, ఎంతటి అబద్ధంతోనైనా నమ్మించవచ్చు.

ఖాళీ బండి అయితే మాత్రం, మనిషి లాగే బరువా అది? పొద్దెక్కేకొద్దీ కాడి భుజంలోకి దిగింది. నెర్రెలిచ్చిన చెరువు కట్ట మీద మేకలు తోలుకుపోతున్నవాడొకడు ఆగి నోరు తెరిచాడు. "ఏమప్పా, ఎద్దులు నిన్ను తోలుతాండాయా ఏమి? రెండో ఎద్దు యాడ?"

"ఇంట్లో ఉండాదిలే" అన్నాడు చెన్నప్ప. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు పుణ్యాన ఇంకో పర్లాంగు నడిచాడు.

గార్లదిన్నె వడ్రంగి బండి చుట్టూ తిరిగి చక్రాన్ని కాలితో తన్ని, ఇరుసు మీద తట్టి, ఇనుపపట్టా బాగుందన్నాడు, కట్టె బాగుందన్నాడు, రోజులే బాగలేవన్నాడు. బండికి అతనిచ్చింది తీసుకుని చెన్నప్ప వెనక్కి చూడకుండా బజారులోకి నడిచాడు. చూస్తే తిరిగి లాక్కుపోతానేమోనని భయం వేసింది.

కంసాలి నాగలింగాచారి కుంపటి ముందర కూర్చుని ఉన్నాడు. కుంపట్లో నిప్పు లేదు. చెన్నప్ప అడిగింది విని, "కరువులో కమ్మలు అమ్మేవాళ్ళు వస్తాండారు గానీ కొనేవాడివి నువ్వే కనపడినావు" అని పెట్టె తెరిచాడు. ఎన్ని ఊళ్ళ చెవులో ఉన్నాయి ఆ పెట్టెలో. కొన్నింటి శీలలకు ఇంకా పసుపు, ఆముదం జిడ్డు అంటుకుని ఉంది. చెన్నప్ప చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"ఒకరి చెవుల్లోంచి దిగినవి వద్దు సామీ. కొత్తవి."

ఆచారి తెల్లగుడ్డ పరిచి రెండు జతలు పెట్టాడు. ఒక జత పెద్దది. దానిమ్మ గింజల్లాంటి రాళ్ళు, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా, చూపు తిప్పుకోలేనంత మెరుపు. రెండో జత వేలిగోరంత. నడుమ ఒక కెంపు, చుట్టూ సన్నటి కెంపులు, మబ్బు పట్టినట్టు మసకగా ఉన్నాయి. చెన్నప్ప చెయ్యి తనంతట తానే పెద్దవాటి మీదికి పోయింది.

"అవి గిల్టువి. ఇత్తడి మీద పూత, రాళ్ళు గాజు. తిరునాళ్ళకు బాగా పోతాయి" అన్నాడు ఆచారి. "కండ్లతో చూస్తే ఎవరికైనా అవే కావాలనిపిస్తాయి. కన్ను మూసి చూడు. రెప్ప మీద పెట్టుకో."

చెన్నప్ప కన్ను మూసుకుని గాజురాయి రెప్పకు ఆనించాడు. క్షణంలో వెచ్చబడింది. చిన్న జత పెట్టుకున్నాడు. చల్లగా ఉంది. వేడి తగ్గని ఎండలో అంత దూరం బండి లాగిన మనిషి కంటికి ఆ చల్లదనం రెప్ప దాటి లోపలికి దిగింది. ఎప్పుడో తన బావిలో నీళ్ళున్నప్పుడు దోసిట్లో ముఖం పెట్టుకున్నట్టే ఉంది. తీయబుద్ధి కాలేదు.

"ఎండలో పట్టి చూడు" అన్నాడు ఆచారి. బయట ఎండలో ఆ మసక రాళ్ళు లోపలి నుంచి ఎర్రబడ్డాయి. పైమెరుపు కాదు అది.

బండికి వచ్చిందంతా అక్కడ పెట్టేశాడు. గింజలు కొనాల్సిన వాడు కెంపులు కొన్నాడంటే బుద్ధి లేదనే అంటారు ఎవరైనా. నిజమే, లేదు. బుద్ధిగా బతికిన అన్ని ఏండ్లలో ఆమెకు వేపపుల్లలే మిగిలాయి కదా అనుకున్నాడు.

*

కదిరమ్మ ముందు అతని వెనకాల దారిలోకి చూసింది. "బండి యాడ?"

అతను పంచె చెంగు ముడి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుడ్డ విప్పింది. రెండు కమ్మలనూ అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "నీకేమైనా పిచ్చి పట్టిందా? రేపు వానొస్తే? ఎరువు ఎట్ల తోలుతావు, నీ నెత్తిన మోస్తావా? కరువులో కమ్మలెవరన్నా కొంటారా?" తిడుతూనే చెవుల్లో పుల్లలు తీసేసింది. తిడుతూనే ఆముదం గిన్నె తెచ్చింది.

బెజ్జాలు బిగుసుకుపోయి ఉన్నాయి. నాగలి పట్టిన మొద్దు వేళ్ళతో చెన్నప్ప ఆముదం రాసి, శీల దూర్చి, వెనక మర తిప్పాడు. ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంది. చిన్న నెత్తురు చుక్క వచ్చింది, తన పంచెతోనే అద్దాడు.

"నిజమైన కెంపులే. రెప్ప మీద పెట్టుకుంటే చల్లగుంటాయి" అన్నాడు.

"ముందే చెప్పకూడదా" అని రెండో కమ్మను రెప్పకు ఆనించుకుంది. "అవునయ్యా. చల్లగుండాది." తోమిన ఇత్తడి చెంబులో ముఖం చూసుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. "మా అమ్మ చెవులట్లే ఉండాయి" అంది. మళ్ళీ కళ్ళు తుడుచుకుని పెద్దరికంగా, "కొత్త కమ్మలు పెట్టుకున్నాక తొలివారం తీయకూడదంట. తీస్తే మొగునికి కీడంట. మా అమ్మ చెప్పేది" అంది.

పెండ్లి నాడు హారతి పళ్ళెం తిరుపాలమ్మ తానే తెచ్చి కదిరమ్మ చేతికిచ్చింది. ఇస్తూ చెవిని వేలితో తాకి చూసింది. "నిజమైన కెంపులేనా వదినా?"

"మా ఆయనకు అబద్ధమాడేది రాదు" అంది కదిరమ్మ. పందిట్లో అందరికీ వినబడేట్టే అంది. బంతిలో కూర్చుని అన్నం కలుపుతున్న కరువు పనుల మేస్త్రీ ఓబుళేసు కూడా తలెత్తి చూశాడు. స్తంభం పక్కన నిలబడ్డ చెన్నప్పకు ఆ పూట కడుపు నిండింది. అన్నంతో కాదు.

*

ఆ ఊరికి తిండి పెట్టేది అప్పుడు పొలం కాదు, రోడ్డు. గార్లదిన్నె దిక్కుకు వేస్తున్న కరువు రోడ్డుకు మగవాళ్ళు కంకర కొట్టాలి, ఆడవాళ్ళు గంపలకెత్తి పోయాలి. మొగుడూ పెండ్లాల జత ఒకే పేరు కింద లెక్క. ఒకరి పేరు పోతే ఇద్దరి పేరూ పోయినట్టే. సాయంత్రం కొలిచి ఇచ్చే జొన్నలే పొయ్యి వెలిగించేవి.

పెండ్లయిన మరునాడు పొద్దున్నే చెన్నప్ప గుండ్రాయి ముందర కూర్చుని సుత్తి ఎత్తాడు. కదిరమ్మ తలకు గుడ్డచుట్ట పెట్టుకుని గంప వంచింది. ఓబుళేసు వచ్చాడు. చెడ్డవాడు కాదు. పెండ్లిలో తిన్న విస్తరాకు గుర్తున్నవాడే. అయినా వచ్చి, ఆమె చేతుల్లోంచి గంపను రెండు చేతులతో మెల్లగా తీసుకుని కింద పెట్టాడు.

"వద్దులేమ్మా. ఇంటికి పోండి ఇద్దరూ."

"ఏమప్పా, ఏం తప్పు చేసినాము?" అన్నాడు చెన్నప్ప లేచి.

"తప్పేమి లేదు. బంగారు పెట్టుకున్నోళ్ళకు కరువు పని లేదని పైనుంచి చెప్పినారు. రేపో మాపో దొర వచ్చి చూస్తాడు. కెంపుల కమ్మలు మెరుస్తా గంప మోస్తాంటే ముందు నా మెడకు ఉరి."

"తీసి ఇంట్లో పెట్టొస్తానప్పా" అంది కదిరమ్మ. తొలివారం మాట అప్పటికి మరిచిపోయింది పాపం.

"తీస్తే మాత్రం? ఊరంతా చూసినాక దాచేదేముంది? వాళ్ళకిచ్చి మాకు లేదంటావా అని పని లేనోళ్ళు నన్ను పీకుతాండారు."

సుత్తుల చప్పుడు ఒకటొకటిగా ఆగిపోయింది. గంపల ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వాళ్ళలో తిరుపాలమ్మ ఉంది, పెండ్లి చేసిన చేతులతోనే ఆమె కూడా గంప మోస్తోంది. చెన్నప్ప కదిరమ్మ వైపు చూశాడు. రోలు దగ్గర చాట అందుకున్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది ఆమె ముఖం.

"అవి గిల్టువి" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమంటివి?"

"గిల్టు కమ్మలప్పా. ఇత్తడి మీద పూత. రాళ్ళు గాజు. తిరునాళ్ళలో అమ్మేవి." ఆచారి మాటలన్నీ వరసగా నోటికొచ్చాయి. అబద్ధమాడటం రాదనిపించుకున్న మనిషికి అంత చక్కగా ఎట్లా వచ్చిందో ఏమో. "పెండ్లిలో మర్యాద కోసరం నిజమని చెప్పుకున్నాము. నిజమైనవి కొనే మొగమా నాది?"

ఆ చివరి మాటకు అందరూ నమ్మారు. ఓబుళేసు మాత్రం గడ్డం గోక్కున్నాడు. నమ్మాలనే ఉంది అతనికి, కానీ రేపు ఎవడైనా అడిగితే చెప్పడానికొక ఆధారం కావాలి.

"అయితే నీ పెండ్లాం తల మీద చెయ్యి పెట్టి చెప్పప్పా. అందరూ వింటారు. ఇంగ నన్నెవరూ అడగరు."

తల మీద ఒట్టంటే ఆ ఊళ్ళో మాట కాదు. అబద్ధపు ఒట్టు ఎవరి తల మీద పెడితే వాళ్ళను ఏడాది తిరక్కుండా మింగుతుంది. అట్లా పోయినవాళ్ళ పేర్లు ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెన్నప్ప ఆ కంకర కుప్పనూ, వంచి పెట్టిన గంపనూ, సాయంత్రం కొలిచే జొన్నల సేరునూ చూశాడు. ఒట్టు ఏడాదికి తింటుందో లేదో గానీ, ఆకలి అన్ని రోజులు ఆగదు.

ఆమె తల మీది చుట్ట తీసి, చెయ్యి నడినెత్తి మీద పెట్టాడు. దుమ్ము పట్టిన వెంట్రుకలు వెచ్చగా తగిలాయి. "ఈమె తల మీద ఒట్టు. గిల్టువే" అన్నాడు.

కదిరమ్మ తలెత్తలేదు. అతని చేతి కింద ఆమె మెడ బిగుసుకోవడం మాత్రం తెలిసింది.

"పనిలోకి పోండి" అన్నాడు ఓబుళేసు, పెద్ద బరువు దించుకున్నవాడిలా.

"గిల్టు చెవులతోనా నా బిడ్డకు హారతి పట్టినావు!" అని తిరుపాలమ్మ గంప కింద పడేసింది. ఓబమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. కదిరమ్మ గంప ఎత్తుకుంది. ఆ రోజంతా ఆమె తెచ్చిపోసినంత కంకర ఇంకెవరూ పోయలేదు.

*

పొద్దు గూకే వేళకు జొన్నలు చెరిగి పొయ్యి ముందర కూర్చుంది. అగ్గి రాజేయకుండానే అడిగింది.

"నిజం చెప్పు. ఏవి అవి?"

చెన్నప్ప గడప మీద కూర్చుని ఉన్నాడు. దారంతా ఈ ప్రశ్నకే భయపడుతూ వచ్చాడు. నిజమైన కెంపులే అంటే ఆమె తల మీద అబద్ధపు ఒట్టు పెట్టినట్టు. రేపు ఆమెకు తలనొప్పి వచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా, చావు వచ్చిందనే అనుకుంటుంది. ఆ భయమే ఆమెను తినేస్తుంది. గిల్టువంటే ఆమె బతుకుతుంది.

"గిల్టువే" అన్నాడు.

"రెప్ప మీద చల్లగుండాదే?"

"ఏ గాజైనా మొదట చల్లగానే ఉంటాది."

"మరి నువ్వు నిజమైనవని చెప్పితివే?"

"నీ సంతోషం చూసేదానికి చెప్పినా."

ఆమె కంప విరిచి పొయ్యిలో పెట్టింది. "బండి?"

"పుచ్చిన కట్టె. దానికెవరేమిస్తారు? దానికి ఇవే వచ్చినాయి."

తన తల్లి కెంపులు బండి అయ్యాయి, బండి గాజుపెంకులయింది. లెక్క ఆమెకు అర్థమయినట్టే ఉంది. చెన్నప్ప తిట్లకోసం తల వంచుకుని కూర్చున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. కానీ ఆమె పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న ఊపిరి ఒక్కసారి వదిలింది.

"బతికినా పో" అంది. "నా తల మీద అబద్ధమాడినావేమోనని తెల్లారిందాని నుంచి ఎన్ని గంపలు మోసినానో గూడా తెలీలేదు. గిల్టువైతే పీడ పోయింది. మనిషి ఒట్టుకు అబద్ధపోడు కాలేదు, అంతే చాలు." ఆ మాటంటూ ఊది అగ్గి చేసింది. కండ్లలో నీళ్ళు పొగకు వచ్చినవో కావో చెన్నప్పకు తెలియలేదు.

మరునాడు పొద్దున లేచేసరికి ఇంట్లో ఆమె లేదు. మారెమ్మ గుడి దగ్గర కనబడింది. గుడంటే నాలుగు బండలు, లోపల రంగు వెలిసిన కొయ్యబొమ్మ. మారెమ్మకు చెవులు కూడా చెక్కి, బెజ్జాలు పెట్టారు. మొక్కుకున్నవాళ్ళు తగిలించిన గిల్టు గొలుసులు, నకిలీ ముత్యాలు మెడ నిండా వేలాడుతున్నాయి. కదిరమ్మ వంగి అమ్మవారి రెండో చెవికి కమ్మ శీల దూరుస్తోంది.

చెన్నప్ప కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఏం చేస్తాండావే?"

"ఒట్టు నిజమై నా తల నిలిచింది కదా. అమ్మకు మొక్కుకున్నా" అంది మర తిప్పుతూ. "అందరూ ఆమెకు గిల్టువే కదా పెట్టేది. మనవీ అవే. ఆ పాడు కమ్మలు నాకెందుకు, వాటిని చూస్తే తిరుపాలమ్మ మాటే గుర్తొస్తాది."

ఆమె చెవుల్లో అప్పటికే కొత్త వేపపుల్లలున్నాయి. పచ్చివి, బెరడు కూడా తీయలేదు.

అమ్మవారికి పెట్టింది తిరిగి తీసుకున్న కొంప ఆ సీమలో నిలవదు. నోరు తెరిస్తే ఒట్టు అబద్ధమవుతుంది. చెన్నప్ప రెండు చేతులూ ఖాళీగా కిందికి వేలాడాయి. భుజం మీద కాడి ఒరిపిడికి లేచిన పొక్కు చిట్లి మండుతోంది.

బండల సందులోంచి తొలి ఎండ లోపలికొచ్చింది. మసకగా ఉన్న రాళ్ళు మెల్లగా లోపలి నుంచి ఎర్రబడ్డాయి.

కదిరమ్మ వెనక్కి జరిగి చూసింది. "గిల్టువైనా ఎంత బాగా మెరుస్తాండాయి చూడు" అంది.

"ఊఁ" అన్నాడు చెన్నప్ప.

"పా పోదాం. ఓబుళేసు పేర్లు పిలుస్తాంటాడు."

గుడి గోడకు ఆనించిన గంపను చెన్నప్ప తీసి తన నెత్తిన బోర్లించుకున్నాడు. ఆమె ముందు నడిచింది, అతను వెనక నడిచాడు.